వంకకు నీళ్ళు పూసిన ఏడాది

పొరలు పొరలుగా బొమ్మ వేయడానికి అన్నిటికంటే ముందు కావలసింది ఓపిక. అదొక్కటి తప్ప మిగిలినవన్నీ నా దగ్గర కొద్దో గొప్పో ఉండేవి. అన్నం ఉడికిందా లేదా అని మూత తీసి తీసి చూసి, ఆ చూడడంలోనే ఆవిరంతా పోగొట్టి, చివరికి పలుకు మీద దించుకుని తినే రకం మనిషిని నేను. పెళ్ళయ్యాక మా ఆవిడ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఆ ఆత్రమంతా పోయి బొమ్మల మీద పడింది.

చిత్రలేఖనం నేర్చుకుంటానని మద్రాసు వెళ్ళి, నాయనకు జబ్బు చేసిందని సగంలో తిరిగొచ్చినవాణ్ణి. సగం చదువులో ఒక సుఖముంది. ఏదైనా తప్పు చేస్తే, ఇది మిగతా సగంలో చెప్పి ఉంటారులే అని సరిపెట్టుకోవచ్చు. ఆ సుఖాన్ని జీవితమంతా ధారాళంగా వాడుకున్నాను. యాభైల చివర్లో కళ్యాణదుర్గం హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా చేరాను. వంకాయ, జామకాయ, నీళ్ళ చెంబు నల్లబల్ల మీద వేసి చూపించడం నా ఉద్యోగం. చెంబు వేసిన రోజున వెనక బెంచీల్లోంచి, "సార్, దాంట్లో నీళ్ళుండాయా, ఉట్టిదేనా?" అని అడిగేవాళ్ళు. ఆ ఊరి పిల్లలకు అది న్యాయమైన సందేహమే.

బడి వదిలాక ఇంట్లో వేసుకునే బొమ్మలు వేరు. ఖద్దరు గుడ్డను కొయ్య చట్రానికి బిగించి, చింతగింజల జిగురులో సుద్ద కలిపి పూసేవాణ్ణి. అది ఎండాక గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసి, కావిరంగుతో బొమ్మంతా ముందు నీడలుగా దించుకోవాలి. తర్వాత వెలుగు పడే చోట్ల తెలుపు. అసలు రంగుల వంతు ఆ తర్వాతే. రంగు కొంచెం, నూనె ఎక్కువ కలిపి, పల్చటి తేనెలాగా చేసి, ఒక పొర పూయాలి. అది ఆరాక ఇంకొకటి. అదీ ఆరాక మరొకటి. పసుపూ నీలమూ పళ్ళెంలో కలిపితే వచ్చే ఆకుపచ్చ గుడ్డ మీద కూర్చుంటుంది. ఆరిన పసుపు మీద నీలం పొర పరిస్తే వచ్చే ఆకుపచ్చ లోపలెక్కడో ఉంటుంది. చూపు పై పొరలోంచి దూరి, అట్టడుగు తెలుపును తాకి, దారిలో రంగులన్నీ అంటించుకుని వెనక్కి వస్తుంది. మద్రాసులో మా గురువుగారు ఇది చెప్పిన రోజున నేను అన్నం మరిచిపోయాను. పలుకు అన్నమే అనుకోండి.

దీనికి రెండు నియమాలు. మొదటిది, అడుగు పొర బక్కగా ఉండాలి, పైకి పోయేకొద్దీ నూనె పెరిగి పొరలు బలవాలి. ఈ వరస తప్పితే బొమ్మకు పగుళ్ళొస్తాయి. మనుషుల్లో ఇదే వరస తప్పకపోతే లోకానికొస్తాయి, అని నేనంటే గురువుగారు నవ్వలేదు. రెండోది, కింది పొర పూర్తిగా ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు. నాకు గిట్టనిది అదే. వేలి వెనక వైపుతో అంచున సుతారంగా తాకి చూడాలి. నేను పొద్దున తాకి, బడికి పోతూ తాకి, వచ్చి చెప్పులు విప్పకుండానే తాకేవాణ్ణి. అప్పటి నా బొమ్మల అంచులన్నీ వేలిముద్రలతో రిజిస్ట్రారాఫీసు దస్తావేజుల్లా ఉండేవి.

ఎండలు ఇంకా తగ్గని ఒక ఆదివారం పొద్దున, బజారువీధిలో శెనక్కాయల మండీ ఉన్న శెట్టిగారు మా ఇంటికొచ్చాడు.

"ఏమప్పా అయ్యోరూ, నువ్వు బొమ్మలేస్తావంట కదా."

"ఏదో వేస్తుంటాను శెట్టిగారూ. నాటకానికి తెరలు కావాలంటే మాత్రం..."

"తెరలు ఎవురిక్కావల్ల? మా అమ్మకు ఒగ పటం కావల్ల."

"మీ అమ్మగారి పటమా?"

"మా అమ్మ పటం కాదప్పా, మా అమ్మకు పటం. ఆమె మొకం ఆమెకేంటికి? వాళ్ళ ఊరి హళ్ళ చూడల్లంట."

హళ్ళ అంటే కన్నడంలో వంక, వాగు. శెట్టిగారి తల్లి పుట్టిల్లు గుమ్మఘట్ట అవతల, తెలుగు ఎక్కడ ఆగుతుందో కన్నడం ఎక్కడ మొదలవుతుందో ఆ ఊరివాళ్ళకే తెలియని చోట. పెళ్ళి కాకముందు ఒక ఏడాది వాళ్ళ ఊరి వంక రెండు గట్లూ ఒరుసుకుని పారిందట. ఆ తర్వాత ఆమె ఎప్పుడు పుట్టింటికి పోయినా ఇసుకే. ఇప్పుడు ఆమె రెండు కళ్ళకూ పొర కమ్ముతోంది. బళ్ళారికి తీసుకుపోయి చూపిస్తే, పొర తీసినా లాభం లేదు, వెనక నరం ఎండిపోతోంది, వచ్చే ఎండాకాలానికి చూపు ఉండకపోవచ్చు అన్నాడట డాక్టరు. మా జిల్లా కరువు నరాలను కూడా వదల్లేదన్నమాట. ఆ మాట పైకి అనలేదు.

"కండ్లు పోకముందు ఒగసారి ఆ హళ్ళలో నీళ్ళు చూడల్లంటాది," అన్నాడు శెట్టిగారు. ఎప్పుడూ మండీలో హమాలీల మీద అరిచే గొంతు, ఆ మాట దగ్గర సన్నబడింది. "వాన నేను తేలేను. పటమన్నా తెస్తా."

ఆ సాయంత్రమే వెళ్ళాను. అవ్వ వసారాలో కూర్చుని చేటలో శెనక్కాయ విత్తనాలు ఏరుతోంది. ఒక్కో గింజనూ కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టి చూసి, పుచ్చుదాన్ని పక్కకు విసురుతోంది.

"ఎవురది?"

"డ్రాయింగు అయ్యోరుమా," అన్నాడు కొడుకు.

"ఇట్ల రా నాయనా. ఇంగా. ఇంగా రా, నేనేం కరిచేదిలే. ఆఁ, ఇప్పుడు అగపడినావు. ఏమప్పా, ఇంత బక్కగా ఉండావు, నీళ్ళు మోసేదానికి అయితాదా?"

వెళ్ళిన మొదటి నిమిషంలోనే నా పనేమిటో నాకంటే బాగా చెప్పింది.

"వంక ఎట్లుండేది అవ్వా?"

"ఎట్లుంటాదేంది? నిండా పోతాండె. గట్టు మీద నిలబడితే కాళ్ళ కింద మన్ను అదురుతాండె. మా అన్న నా జడ పట్టుకుని 'ముందుకు పోవద్దే, పోవద్దే' అని ఒగటే అరుపు. ఆ పక్క ఎద్దులబండి ఒగటి వచ్చి, ఈ పక్కకు రాలేక నిలిచిపోయిండె."

"నీళ్ళ రంగు?"

"ఎర్ర." మళ్ళీ తల అడ్డంగా ఊపింది. "ఎర్ర అంటే ఎర్రగా పూసేవు గన! బెల్లంపాకం ఉండాది చూడు, ముదరకముందు, అట్ల. పైన నురగ. ఆ నురగ ఎండలో తెల్లగా మెరుస్తాండె. మా మనమండ్లకు చెప్తే, 'పో అవ్వా, ఆడ బండ్లతో ఇసక తోలుతాండారు, నీళ్ళు యాడివి' అని నగుతారు." చేట పక్కన పెట్టింది. "బిరీన వెయ్యి నాయనా. కండ్లు పోయినంక తెచ్చి చూపిస్తే నాకేంటికి? పోయి కుక్కకు చూపించు."

బిరీన అన్న మాట వినగానే నాకు కాళ్ళలో చీమలు పాకాయి. నా స్వభావానికి తగిన పని, నా స్వభావానికి తగని పద్ధతి.

చిక్కు ఇంకొకటి ఉంది, అది శెట్టిగారికి చెప్పలేదు. నాది కంబదూరు పక్క పల్లె. వంక అంటే నాకు బండ్లు పోయే దారి, గొర్రెలు పడుకునే చోటు, చెలమ తవ్వి చెంబుతో తోడుకునే ఇసుక. నీళ్ళు రాకపోలేదు. ఎప్పుడో ఒక రాత్రి వచ్చి, తెల్లారేలోపు పోయేవి. నేను పరుగెత్తి గట్టు ఎక్కేసరికి తడి మాత్రం మిగిలేది. నిండుగా పారే వంకను నా కళ్ళతో నేను చూడలేదు. చూపు పోతున్న మనిషికి, చూడని మనిషి చూపించబోతున్నాడు.

రాయదుర్గం దాకా బస్సు, అక్కణ్ణుంచి గుమ్మఘట్టకు ఇంకొకటి, ఆ తర్వాత ఎవరిదో బండి. వంక దగ్గర దిగేసరికి ఎండ నెత్తిమీద ఉంది. వెడల్పాటి ఇసుక పాయ, రెండు పక్కలా తెగిన ఎర్రమట్టి గట్లు, ఒక కొసన గుట్ట. కాగితం మీద బొగ్గుతో దించుకున్నాను. ఇసుక నిండా అలలు అలలుగా గీతలు, అన్నీ గుట్ట వైపే వాలి ఉన్నాయి. నీళ్ళు పోయి ఇన్నేళ్ళయినా జాడ ఎంత చక్కగా మిగిలిందో అని మురిసిపోయి, ఆ వాలు కూడా జాగ్రత్తగా రాసుకున్నాను. ఆ పూట నేను చేసిన పనుల్లో జాగ్రత్తగా చేసింది అదొక్కటే.

బొమ్మ అడుగు పొర తొందరగానే అయింది. కావిరంగుతో గట్లు, ఇసుక, గుట్ట. నీళ్ళను మొదటే వేయకూడదని నా ఆలోచన. ముందు ఎండిన వంకను పూర్తిగా వేసి, దానిమీద నీళ్ళను పల్చటి పొరలుగా ఎక్కించాలి. అప్పుడే లోతు వస్తుంది, కింద ఇసుక ఉన్నట్టూ తెలుస్తుంది. ఇసుకకు తెలుపు పెట్టాను. గట్లకు మొదటి పొర పూశాను. అంతలో సీసాలో అవిసె నూనె అయిపోయింది.

రంగులు ఆరాలంటే అవిసె నూనే. అది మద్రాసు నుంచో బెంగుళూరు నుంచో రావాలి. రాసి పంపితే ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ మాట శెట్టిగారి ముందు నోరుజారాను.

"నూనా?" అన్నాడాయన, అవమానం జరిగినట్టు. "శెనక్కాయ పండే సీమలో కూర్చోని నూనె లేదంటావేందప్పా? మా గానుగ నూనె చూడు, అద్దం మాదిరి ఉండాది. రేపే డబ్బా పంపిస్తా."

డబ్బా వచ్చింది. నిజంగానే అద్దంలా ఉంది. నూనె నూనే కదా అనుకున్నాను. ఆ సంగతి నేను చదవని సగంలో ఉండి ఉంటుంది.

శెనక్కాయ నూనెలో రంగు కలిపి నీళ్ళ మొదటి పొర పూశాను. ఎంత హాయిగా జారిందో చెప్పలేను. నా వంకలో నీళ్ళొచ్చాయి. మర్నాడు తాకి చూశాను. తడి. ఎల్లుండి. తడి. వారం తిరిగినా వేలికి అంటుతూనే ఉంది. బావులెండాయి, కుంటలెండాయి, ఆవుల పొదుగులెండాయి, దేవుణ్ణి పిలిచి పిలిచి జనం గొంతులెండాయి. జిల్లా మొత్తంలో ఎండనిది నా బొమ్మ ఒక్కటే. మిద్దె మీద ఎండలో పెట్టాను. ఎండకు నూనె వేడెక్కి ఘుమఘుమలాడింది.

"బొమ్మలేస్తాండావా, బజ్జీలేస్తాండావా?" అంది మా ఆవిడ కింద నుంచి.

వాసనకు చీమలొచ్చాయి. ఆ ఊళ్ళో చీమలకు కూడా అంత నూనె ఎప్పుడూ దొరికి ఉండదు. నా వంకలో మొదట ఈదినవి అవే, మునిగినవీ అవే. ఒక్కోదాన్నీ ముల్లుతో తీసి బయటవేస్తూ కూర్చున్నాను. ఇంతలో ఆషాఢం గాలి మొదలైంది. మా వైపు ఆ గాలికి మనుషులే వంగి నడుస్తారు. తలుపులు వేసి, సందుల్లో గుడ్డలు కుక్కినా దుమ్ము ఎలా వచ్చిందో వచ్చింది. తెల్లారి చూస్తే వంక నిండా ఎర్రటి ధూళి, గోరుతో గీకితే గరగర.

ఆ రోజుల్లో నాకు నిలకడ లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. వీధిలోకి వెళ్తే ఇంకా కష్టం. బజారంతా సంగతి పాకింది. ఒకరినొకరు పలకరించుకునే మాటే మారిపోయింది.

"ఏమప్పా అయ్యోరూ, ఆరిందా?"

"ఇంకా లేదన్నా."

"మా ఇంట్లో ఉతికిన పంచె ఇట్ల పిండేలోపల ఆరుతాది. నీ దగ్గర ఏమో మందుండాది అయ్యోరూ. రోంత మా బాయిలో పొయ్యి."

నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? కాని శెట్టిగారింటికి వెళ్తే నవ్వు రాలేదు. అవ్వ ఇప్పుడు గింజలను కంటికి ఆనించి కూడా చూడడం లేదు. వేళ్ళతో తడిమి ఏరుతోంది. ఆమె కంట్లో పొరలు ఎవర్నీ అడగకుండా, ఏ నూనే లేకుండా, ఒకదానిమీద ఒకటి చక్కగా ఆరుతూ పోతున్నాయి. ఈ పందెంలో వాటిదే పైచేయి. పొరపాటు అనే మాటలో పొర ముందే ఉంది. పాటు ఒక్కటే నేను పడ్డాను.

"మొత్తం అయిందా నాయనా?" అని అడిగింది.

"ఆరడం లేదవ్వా."

"పగలు ఎండ, రాత్రి గాలి, ఇంగేం కావల్ల దానికి?" అంది. తర్వాత ముఖం వీధి వైపు తిప్పి, "ఆడ పోతాండేది మనిషా, ఎద్దా?" అంది. పోతున్నది ఎద్దే. సంతోషంతో అవునన్నాను. అడిగిందంటే తెలియకనే కదా అని ఇంటికి వచ్చే దారిలో తట్టింది.

ఆ రాత్రి ఒక నిర్ణయానికొచ్చి, పొద్దున లేచి కత్తి అంచుతో నీళ్ళన్నీ గీకేశాను. టర్పెంటైను గుడ్డతో తుడిచాను. జిగురులో కలిపిన కావిరంగు గట్టిది, అది చెక్కుచెదరలేదు. మళ్ళీ ఎండిన వంక బయటపడింది. వచ్చిన నీళ్ళను చేత్తో పారబోసుకున్న రైతు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తర్వాత ఏం చేయాలో తోచక గోడకు చేరబడి ఉన్నాను. వంటింట్లోంచి సీసా నేలకేసి కొడుతున్న చప్పుడు.

"ఈ కుసుమ నూనె పీడ నాకొద్దు," అంటోంది మా ఆవిడ. "మూతికంతా బంక పట్టి బిరడా రానే రాదు. దీన్ని పీకేదానికి నీ మాదిరి పనిలేనోళ్ళు కావల్ల. ఇద్దో, పీకు."

మా అత్తగారి ఊరు రాయదుర్గం పక్క నల్లరేగడి. జొన్నచేల చుట్టూ గట్ల వెంబడి ముళ్ళ కుసుమ చెట్లు వేస్తారు, పశువులు పడకుండా. ఆ గింజల నూనె సీసా ఏడాదికొకసారి మా ఇంటికొచ్చేది. బిరడా పట్టుకుని లాగబోయి ఆగిపోయాను. సీసా మెడ మీదుగా కారిన నూనె చారలు గట్టిపడి, లక్కలాగా, పచ్చగా మెరుస్తున్నాయి. గోరుతో నొక్కాను. అంటలేదు.

"ఇది ఆరింది," అన్నాను.

"ఏంది?"

"ఇది ఆరిందే!"

"నూనె ఆరేదేందయ్యా? పిచ్చి గిచ్చి పట్టిందా?" అంటూనే ఉంది, నేను సీసా చంకలో పెట్టుకుని లేచాను. పలక మీద పల్చగా పూసి మిద్దె మీద పెట్టాను. పెట్టి, తాకడానికి పోకుండా ఉండడానికి ఊరి బయట రోడ్డు మీద నడిచాను. బడిలో పిల్లలతో పనసపండు వేయించాను, అందులో ముళ్ళన్నీ ఎవరికివాళ్ళు వేసుకోవాలి కాబట్టి గంట గడుస్తుందని. ఆ వారం చివరికి పలక మీద నూనె పొరగా బిగిసింది. అవిసె నూనె కంటే నెమ్మదే, కానీ ఆరుతుంది. అప్పటికి నాకు అంతే చాలు.

ఆనాటి నుంచి మా ఇంట్లో ఏర్పాటు మారింది. శెట్టిగారు బొమ్మకిచ్చిన నూనె మేము తిన్నాం, మామగారు మాకిచ్చిన నూనె బొమ్మ తింది.

నీళ్ళు మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి రంగు ఊహకు వదల్లేదు. చిన్న అట్టముక్కల మీద పొరలు పూసి, ఆరినవి పట్టుకుని ఆదివారం ఆదివారం అవ్వ దగ్గరికి పోయేవాణ్ణి. ఆమె ఎండలోకి జరిగి కూర్చునేది. మొదట్లో అట్టముక్కను చేతిదూరంలో పట్టుకుని చూసింది. తర్వాత జానెడు దూరంలో. తర్వాత ముక్కుకు ఆనించి.

"ఇది టీ నీళ్ళు. ఇంగా చిక్కన."

ఇంకో పొర వేసుకుని పోతే, "ఇది బురద. నేను బురద అన్న్యానా? దీంట్లో ఎండ యాడుండాది?"

ఎండ ఎక్కడుంది అనే ప్రశ్నకు మద్రాసులో గురువుగారు కూడా నన్ను ఇంత సతాయించలేదు. అడుగున తెలుపు ఎక్కువ చేశాను. దానిమీద పసుపు పొర, దానిమీద కావి, దానిమీద ఇంకా పల్చగా బెల్లం రంగు. ఒక్కొక్కటి ఆరేలోపు ఒక్కొక్క వారం పోయేది. నేను తాకకుండా ఉండలేనని మా ఆవిడ బొమ్మ ఉన్న గదికి తాళం పెట్టి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. బొమ్మ పూర్తి కావడంలో ఆమె పని కూడా సగముందని తర్వాత ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

చివరి పొర నురగ. సన్నని కుంచెతో, నేను రాసుకొచ్చిన ఇసుక గీతల వాలునే పట్టుకుని, నీళ్ళ మీద తెల్లటి తీగలు లాగాను. అది ఆరేసరికి చలి మొదలైంది.

పటాన్ని దుప్పటిలో చుట్టి బండిలో వేసుకుని శెట్టిగారింటికి పోయాను. ముంగిట్లో ఎండ పడే చోట కుర్చీ వేసి దానిమీద నిలబెట్టాం. కొడుకు అవ్వను చేయిపట్టి నడిపించుకొచ్చి ముందు కూర్చోబెట్టాడు. అవ్వ వంగింది. ముక్కు గుడ్డకు తగిలేంత దగ్గరగా వచ్చి, ఈ కొస నుంచి మెల్లగా ఆ కొసకు జరిగింది. మళ్ళీ ఆ కొస నుంచి ఈ కొసకు. ఒకసారి తల వెనక్కి పెట్టి కళ్ళు చికిలించింది. ఏమీ కనపడడం లేదేమో అనిపించింది. శెట్టిగారు నా వైపు చూడకుండా కండువా కొస మెలిపెడుతున్నాడు. ఇప్పుడు ఆమె మర్యాదకు "బాగుండాది నాయనా" అంటే నేను ఏమైపోతానో అనుకుంటూ నిలబడ్డాను.

"ఇదేంది నాయనా," అంది అవ్వ. "నీళ్ళు గుట్ట ఎక్కుతాండాయి?"

నాకు అర్థం కాలేదు.

"గుట్ట ఆ పక్క ఉండాది కదా. హళ్ళ ఆడ పుట్టి ఈ పక్కకు దిగుతాది. నువ్వు ఈడినుంచి ఆడికి తోలినావే! గొర్రెలనుకున్న్యావా?" అని, నోరు తెరిచి నవ్వింది. పళ్ళులేని ఆ నవ్వు ఇల్లంతా వినపడింది.

"మా, ఊరుకో," అన్నాడు శెట్టిగారు సిగ్గుతో. "అయ్యోరు అంత కష్టపడి..."

"కష్టపడకేమి? నీళ్ళను గుట్ట ఎక్కించడం సులభమా?"

ఇసుకలో గుట్ట వైపు వాలిన ఆ గీతలు నీళ్ళవి కావు, గాలివి. గాలి రాసిన రాతను నీటి రాత అనుకుని ఇంటికి మోసుకొచ్చాను. వంక ఎటు పారుతుందో తెలియకుండా వంకను వేసే మనిషి పుట్టాలంటే మా జిల్లాలోనే పుట్టాలి. సిగ్గుతో చచ్చిపోవలసిన క్షణం అది. అయినా నా ఒళ్ళంతా తేలికైపోయింది. ఆమె చూసింది. ఆ కొసనున్న గుట్టను చూసింది, నురగను చూసింది, వెంట్రుకంత కుంచెతో నేను లాగిన తీగల వాలును చూసింది. మెచ్చుకుని ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు. వంకకు వంక పెట్టింది కాబట్టి తెలిసింది.

వెంటనే నా జబ్బు తిరగబెట్టింది. "ఇప్పుడే తీసుకుపోయి సరిచేసి తెస్తానవ్వా," అని పటం మీద చెయ్యి వేశాను.

అవ్వ చట్రాన్ని రెండు చేతులా పట్టుకుంది. "ఇచ్చేదిలే. తీసకపోతే మళ్ళా ఆరల్ల, ఆరల్ల అంటావు. నీ రంగు ఆరేలోపల నా దీపం ఆరిపోతాది. సరిచేస్తే ఈడ్నే చెయ్యి, నా ముందర."

ఇంటికి పరుగెత్తి రంగులు, కుంచెలు, కుసుమ నూనె సీసా తెచ్చాను. "మా ఇంట్లో నూనె పనికిరాలేదా?" అని శెట్టిగారు ఆ సీసా వైపు అనుమానంగా చూశాడు. "మీది తినే నూనె శెట్టిగారూ, చాలా మంచిది," అన్నాను. అది అబద్ధం కాదు, నెలల తరబడి తింటున్నాను.

పాత నురగను చెరపలేదు. దానిమీదే బెల్లం రంగు పొర ఒకటి, నూనె ఎక్కువ చేసి, నీళ్ళంతా పరిచాను. తెల్లటి తీగలు పొర కింద మునిగి, ఎక్కడో లోపల సుడులు తిరుగుతున్నట్టు మసకబారాయి. ఇంక పైన కొత్త నురగ వేయాలి. గుట్ట నుంచి కిందికి. కుంచె తీసుకుని ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. కుంచెకు అద్దిన తెలుపును మళ్ళీ గుడ్డకు తుడిచేశాను. ఈసారి కూడా తప్పు దారి పట్టిస్తానేమో అని.

"యాల ఆలోచన?" అంది అవ్వ. ముక్కు ఆనించి ఉన్న మనిషి, చూపుడువేలు గుట్ట అడుగున పెట్టి, తడి పొర మీద ఒక్క తీరుగా కిందికి లాగింది. గట్టు దగ్గర కొంచెం వంపు తిప్పింది. బండ ఏదో ఉన్నట్టు ఒక చోట పక్కకు తప్పించి, మళ్ళీ కలిపి, ఎడమ కొస దాకా తెచ్చి వదిలింది. వేలు పోయిన మేరా పై రంగు తొలగి, కింది వెలుగు సన్నగా పైకొచ్చింది.

"ఇట్ల పోతాది," అని, వేలిని నా భుజం మీది కండువాకు తుడుచుకుంది.

నా కుంచెకు ఇక అక్కడ పని లేదు. ఊరికే ఉండలేక చుట్టూ నాలుగు చుక్కలు పెట్టాను. వద్దనుకుని అవి గుడ్డతో తీసేశాను. మళ్ళీ పెట్టబోతుంటే శెట్టిగారు, "చాల్లే అయ్యోరూ, కాఫీ తాగు," అన్నాడు.

ఆ చలికాలమంతా పొద్దెక్కగానే పటాన్ని ఎండలోకి తెప్పించుకుని ముక్కు ఆనించి చూసేదని, వచ్చినవాళ్ళందరికీ అయ్యోరు నీళ్ళను గుట్ట ఎక్కించిన సంగతి చెప్పి నవ్వించేదని విన్నాను. నేను వెళ్ళిన రోజుల్లోనూ చెప్పేది. ఎదురుగా ఉన్నది నేనేనని తెలిసి చెప్పేదో, తెలియక చెప్పేదో. గొంతును బట్టి నన్ను గుర్తుపట్టడం ఎప్పటి నుంచి మొదలైందో నేను కనిపెట్టలేకపోయాను.

ఎండలు ముదిరాక ఒకరోజు కోడలు, "పటం బయట పెట్టల్లనా అత్తా?" అని అడిగింది. నేను అక్కడే ఉన్నాను.

"ఇంగొద్దులేమ్మా," అంది అవ్వ, చేటలో గింజలు తడుముతూ. "చూసినా కదా."